పన్నెండింటి గంట

బాజన్ పొలం మూలనున్న మూడెకరాలు ఊరు కొనాలా వద్దా అన్నది తేల్చడానికి శనివారం పొద్దున వెస్ట్ అల్బీ జనమంతా బడిలో సభ తీరబోతున్నారు. సభకి వచ్చినవాళ్లందరికీ మధ్యాహ్నం చౌడర్ అనే చిక్కటి చేపల సూపు వండిపెట్టాల్సిన మనిషి కొరీన్. ఆ మూడెకరాలకి బయానా ఇచ్చి, ఇల్లు కట్టుకుందామని ఆశపడి కూచున్న మనిషీ కొరీనే.

బుధవారం పిల్లల భోజనాలు ముగిశాక ఆమె ట్రేల అంచులకి మాడి అంటుకున్న చీజ్‌ని అట్లకాడతో గీకుతోంది. వెనక తలుపు దగ్గర ప్రిసిల్లా వచ్చి నిలబడింది. ఒకప్పుడు ఈ బడిలోనే లైబ్రరీ చూసుకున్న మనిషి. డెబ్బై దాటినా నడుం వంగలేదు. ఊళ్లో ఖాళీ జాగాలు ఇళ్ల పాలు కాకుండా కాపాడే సంఘం ఒకటుంది, ఆవిడ దానికి పెద్ద. కొరీన్ చేతులు తుడుచుకుని స్టూలు జరిపింది. అడక్కుండానే ఫ్రిజ్‌లోంచి పంచదార వేయని ఆపిల్ ముక్కలు తీసి ముందు పెట్టింది. ప్రిసిల్లాకి చక్కెర జబ్బు. ఏం తినాలో ఏం తినకూడదో ఆవిడ కన్న కొడుక్కి తెలుసో లేదో కానీ బడి వంటమనిషికి మాత్రం బాగా తెలుసు.

"నీ మీద నాకేం కోపం లేదు, కొరీన్. ఆ సంగతి నీకు తెలుసుగా" అంది ప్రిసిల్లా, ఒక ముక్క తిన్నాక.

"తెలుసండి."

"ఆ మూల పోతే నది కనపడే చోటు మనూళ్లో ఇంకోటి లేదమ్మా. ఇవాళ నువ్వు కట్టుకుంటావు, ముచ్చటగానే కట్టుకుంటావు. నీ పక్కన రేపు కట్టేవాడు ఎలాంటివాడో ఎవరికి తెలుసు? నీకు ఇంకో చోటు చూసిపెడతాం. నేనే దగ్గరుండి వెతుకుతాను."

కొరీన్ మళ్లీ ట్రే అందుకుంది. పంతొమ్మిదేళ్లుగా ఈ బడిలో వండుతోంది. ఏ పిల్లకి వేరుశనగ పడదో, ఎవడు తల్లి కట్టిచ్చిన డబ్బా చెత్తలో పడేసి తన దగ్గరికొస్తాడో అంతా తెలుసు. కాపురం మాత్రం కొండ దిగువన పేపరు మిల్లుల పట్నంలో, ఓ అద్దె వాటాలో. చీకటితో లేచి కొండెక్కి వస్తుంది, చలికాలంలో మంచు మీద కారు జారి ఓసారి కాలవలోకి దిగబడింది కూడా. వెస్ట్ అల్బీలో ఆమె కొనగలిగిన జాగా ఇన్నేళ్లకి ఇదొక్కటే అమ్మకానికొచ్చింది. ఇంకోటి ఎక్కణ్ణుంచి వెతుకుతారు? ఆ మాట అడగొచ్చు. కానీ ప్రిసిల్లా అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే వెతుకుతుంది. ఎండలో వానలో తిరిగి, దొరకలేదని చెప్పి కళ్లనీళ్లు పెట్టుకుంటుంది కూడా. చెడ్డవాళ్లయితే తిట్టుకుని ఊరుకోవచ్చు. మంచివాళ్లతోనే వచ్చింది చిక్కంతా.

"చూడండి" అని మాత్రం అంది కొరీన్.

వెళ్లేముందు ప్రిసిల్లా ఆ గిన్నె తనే కడిగి బోర్లించింది.

చిక్కు ఎక్కడ పడిందో టెడ్డీ బాజన్ మొదటే చెప్పాడు. టెడ్డీ తాతలు పోలండ్ నుంచి వచ్చి ఆ నేల దున్నారు, టెడ్డీ ఇప్పటికీ ఆస్పరాగస్ కాడకూర పండిస్తున్నాడు. పెళ్లీ పెటాకులూ లేవు, మోకాళ్లు మొరాయిస్తున్నాయి. సాగుభూమి కింద ఇన్నేళ్లూ తక్కువ పన్ను కట్టాడు. ఆ దయకి ఓ మెలిక ఉంది: ఇల్లు కట్టుకునేవాళ్లకి ఆ భూమి అమ్మదలిస్తే ముందు ఊరిని అడగాలి. కొనేవాళ్లు ఇస్తామన్న ధరే ఇచ్చి ఊరు తీసుకోవచ్చు. నాలుగు నెలలు గడువు, ఈ మే నెలాఖరుతో అయిపోతుంది. ఊరు కొన్నా, కొరీన్ కొన్నా టెడ్డీ చేతిలో పడేది ఒకటే. అయినా అతనికి కొరీనే కొనాలని ఉంది. సాయంత్రం అయ్యేసరికి ఆ వైపంతా గుడ్డి చీకటిగా ఉంటుందనీ, అక్కడో దీపం వెలిగితే తన కిటికీలోంచి చూసుకోవచ్చనీ అన్నాడు. అంతకు మించి కారణం చెప్పలేదు.

గురువారం సాయంత్రం ఊరి బోర్డువాళ్లూ సంఘంవాళ్లూ కలిసి జాగా చూడ్డానికి వచ్చారు. సన్నగా తుంపర పడుతోంది. అందరూ రబ్బరు బూట్లేసుకుని గడ్డిలో బారుగా నడిచారు. కొరీన్, ఆమె భర్త రే, రోడ్డు పక్కనే తమ కారుని ఆనుకుని నిలబడ్డారు. వాళ్లని ఎవరూ రావద్దనలేదు, రమ్మనీ అనలేదు.

రే మెకానిక్కు. ఏదైనా చేత్తో తాకితే తప్ప నమ్మడు. మంచు కరిగిన మొదటి ఆదివారమే మేకులు పాతి, తెల్లదారం కట్టి, ఇల్లెలా వస్తుందో నేల మీద కొలిచి పెట్టాడు. గదులు, గదుల మధ్య గోడలు, వాకిలి ఉండే చోట దారం లేకుండా ఖాళీ. ఊరు తన హక్కు వాడుకుంటుందన్న మాట వినపడ్డాక ఆ దారాలు పీకేద్దామని రెండుసార్లు వచ్చి రెండుసార్లూ ఊరికే తిరిగెళ్లాడు. ఇప్పుడు జనం ఆ దారాల మీంచే అడుగులేసి అటూ ఇటూ దాటుతున్నారు. సంఘంలోని పొడుగాటి మనిషొకడు పడగ్గది మధ్యలో నిలబడి, వాన నీళ్లు ఎటు పారతాయో చేత్తో చూపిస్తూ పెద్దగా మాట్లాడుతున్నాడు.

"బూట్లతో మంచమెక్కాడు చూడు" అన్నాడు రే, పెదవి కదపకుండా.

కొరీన్‌కి నవ్వొచ్చింది.

అప్పుడు చూసింది ప్రిసిల్లాని. ఆవిడ అందరికన్న వెనక వస్తోంది. దారం దగ్గరికొచ్చి ఆగింది. దాటలేదు. దారం వెంబడే గోడ చుట్టూ నడిచి వెళ్లి, వాకిలి కోసం వదిలిన ఖాళీలోంచి లోపలికి వచ్చింది. అక్కణ్ణుంచి నడవలోంచి వెళ్లి వంటగదిలో నిలబడి, నది వైపు తిరిగింది. కింద నీళ్లు వానలో బూడిద రంగులో ఉన్నాయి, అవతలి గట్టున మేపుల్ చెట్లు అప్పుడే ఎర్రగా చిగురేస్తున్నాయి. ఎంతోసేపు చూసింది ఆవిడ. కొరీన్‌కి కాలు నిలవలేదు. రే వద్దంటున్నా వినకుండా తనూ గడ్డిలోకి దిగింది, తనూ వాకిట్లోంచే వచ్చింది.

"పొయ్యి ఎక్కడొస్తుంది?" అని అడిగింది ప్రిసిల్లా తిరిగి చూడకుండానే.

"ఇక్కడండి. గోడ వారగా."

"అయితే నదికి వీపు పెట్టి వండుతావా?"

"వంట చేసేటప్పుడు ఎలాగూ తలెత్తే తీరికుండదు కదండీ. సింకు అటు పెడతాం, కిటికీ కింద. గిన్నెలు తోముకునేటప్పుడు కనపడుతుంది."

ప్రిసిల్లా తలాడించింది. ఏదో అనబోయి, రోడ్డు మీంచి ఎవరో పిలిస్తే వచ్చిన దారినే వాకిలిలోంచి బయటికి వెళ్లిపోయింది. ఆ ముసలావిడ మీద ఉన్న ప్రేమ ప్రేమలాగే ఉండగా, ఆవిడ ఓడిపోవాలని కొరీన్ మొదటిసారి గట్టిగా కోరుకుంది అప్పుడే.

శుక్రవారం మధ్యాహ్నం టెడ్డీ రెండు బుట్టల ఆస్పరాగస్ తెచ్చి వంటగదిలో దించాడు. దించినవాడు వెళ్లకుండా స్టూలు లాక్కుని, కత్తి తీసి, కాడల మొదళ్లు కోస్తూ కూచున్నాడు. కొరీన్ బంగాళాదుంపలు తరుగుతోంది. చౌడర్‌కి దుంపముక్కలు మరీ చిన్నవైతే కరిగి గంజైపోతాయి, పెద్దవైతే లోపల పచ్చిగా మిగులుతాయి. ఆమె తరిగినవన్నీ ఒకే తీరున పడుతున్నాయి. చేపముక్కలు చివర్లో, పాలు ఆ తర్వాత. పాలు పోశాక పొయ్యి సన్నగా ఉండాలి. ఒక్క పొంగు వచ్చిందా, విరుగుతుంది.

రేపటి లెక్కలన్నీ టెడ్డీ దగ్గర ఉన్నాయి. ఊరు డబ్బు అప్పు తెచ్చి భూమి కొనాలంటే సభలో మూడింట రెండు వంతులు చేతులెత్తాలి. సంఘంవాళ్లూ, రిటైరైన పెద్దవాళ్లూ పొద్దుటి నుంచి చివరిదాకా కదలరు. కొరీన్ పక్షాన ఉన్నవాళ్లంతా పిల్లల తల్లిదండ్రులు. వాళ్లు మధ్యాహ్నం భోజనం చేసి వెళ్లిపోతారు, రేపు పిల్లల బేస్‌బాల్ మొదటి ఆట.

"భూమి సంగతి పదకొండున్నర తర్వాత వస్తుంది" అన్నాడు టెడ్డీ. "భోజనానికి ముందే ఓటింగు అయిపోతే మనం గట్టెక్కినట్టే. భోజనం మధ్యలో పడితే మునిగినట్టే."

"అది మన చేతిలో ఉందా పెద్దాయనా?"

టెడ్డీ కత్తి మొనతో గోడ వైపు చూపించాడు. అక్కడ కొక్కేనికి పాత ఇత్తడి చేతిగంట వేలాడుతోంది.

వెస్ట్ అల్బీ సభలో భోజనానికి ఎప్పుడు లేవాలో గడియారం చెప్పదు. వంటమనిషి తలుపు దగ్గరికొచ్చి ఆ గంట కొడుతుంది, సభాధ్యక్షుడు సుత్తి కొట్టి లేస్తాడు. ఎవరు మాట్లాడుతున్నా సరే, మాట సగంలో ఉన్నా సరే. కొరీన్‌కి ముందు వండినావిడా అలాగే కొట్టింది, ఆవిడకి ముందున్నావిడా అంతే. ఊళ్లో ఓటు లేకపోయినా సభలో ఎవరి నోరైనా మూయించగలిగింది కొరీన్ ఒక్కతేనని ఏటా ఎవరో ఒకరు ఆ హాస్యం ఆడతారు, ఏటా అందరూ నవ్వుతారు. గంట కొట్టి మళ్లీ ఆమె హాల్లో అడ్డంగా కట్టిన తాడుకి ఇవతలే నిలబడుతుంది. ఓటర్లు కానివాళ్లు సభ నడిచేటప్పుడు తాడు దాటకూడదు.

"పన్నెండింటికే కొట్టాలని ఎక్కడా రాసి లేదు" అన్నాడు టెడ్డీ. "నీ దుంపలు రేపు కాస్త ఆలస్యంగా ఉడికితే నిన్ను ఎవరడుగుతారు?"

"నా దుంపలు ఎప్పుడూ ఆలస్యంగా ఉడకవు" అంది కొరీన్.

టెడ్డీ మళ్లీ ఆ ఊసెత్తలేదు. కానీ ఆ మాట ఆమెతోపాటు కొండ దిగింది, రాత్రి పక్కలోకీ వచ్చింది. రేతో చెబుదామనుకుంది. చెబితే చేసెయ్యమంటాడు. అందుకే చెప్పలేదు.

శనివారం బడి వ్యాయామశాలలో కుర్చీలన్నీ నిండాయి. కొరీన్ వంటగదిలోంచి హాల్లోకి వడ్డించే కిటికీ ఒకటుంది, దాని రేకు తలుపు జానెడెత్తు లేపి పెట్టుకుంది. ఆ సందులోంచి తాడు, తాడుకి అవతల బూట్లు, మోకాళ్లు, ఒళ్లో పచ్చరంగు ఓటు కార్డులు కనిపిస్తాయి. వంగితే మైకు కనిపిస్తుంది. తాడుకి ఇవతల ఓటు లేనివాళ్ల కోసం నాలుగు కుర్చీలు వేశారు. వాటిలో ఒకదాంట్లో రే, టోపీ చేతుల్లో నలుపుకుంటూ కూచున్నాడు.

రోడ్ల మరమ్మతులూ, మంచు తోసే కొత్త బండీ, బడి బడ్జెట్టూ అయ్యేసరికి పదకొండున్నర అయింది. సభాధ్యక్షుడు హాలిస్ తాపీగా నడిపే మనిషి. టెడ్డీ అన్నట్టే అప్పుడే బాజన్ భూమి సంగతి చదివాడు. చదవడం మొదలెట్టగానే ప్రిసిల్లా తన కుర్చీలోంచి లేచి నడవాలోకి వెళ్లి, ఆడపిల్లల బాత్‌రూమ్ వైపు తిరిగింది. ఏటా సభ రోజు ఆ వేళకి ఆవిడ అక్కడికెళ్లి ఇన్సులిన్ సూది వేసుకుంటుంది. పన్నెండింటికి పళ్లెం ముందుకొస్తుందని నమ్మకం. పంతొమ్మిదేళ్లలో ఆ నమ్మకం ఒక్కసారి కూడా వమ్ము కాలేదు. కొరీన్ కళ్లు ఆవిడ వెళ్లడం చూశాయి, తిరిగి రావడం చూశాయి. మనసు మాత్రం చూడనట్టు ఊరుకుంది.

ముందు పొడుగాటి మనిషి మాట్లాడాడు. తర్వాత ఇద్దరు తల్లులు లేచి కొరీన్ తరఫున మాట్లాడారు. అందులో ఒకావిడ చంకలో పిల్లాడున్నాడు. వాడి అక్క బడిలో చేరిన మొదటి నెలంతా ఏడుస్తుంటే కొరీన్ వంటగదిలో కూచోబెట్టుకుని బఠాణీలు వలిపించిందని చెప్పింది. ఆ సంగతి కొరీన్‌కే గుర్తులేదు. కార్డుల కదలిక చూస్తే తెలుస్తోంది, ఇప్పుడు ఓటింగు పెడితే రెండు వంతులు రావు. మైకు దగ్గరికి చివరగా ప్రిసిల్లా వచ్చింది.

చౌడర్ తయారుగా ఉంది. రొట్టెలు పొయ్యి దిగాయి, పైన వెన్న మెరుస్తోంది. గోడ మీద పెద్ద ముల్లు పన్నెండు మీదికి వచ్చింది. కొరీన్ గంట దగ్గరికి వెళ్లింది. ఇత్తడి చల్లగా తగిలింది చేతికి. ఇంకొక్క ఐదు నిమిషాలు, అనుకుంది. ఆవిడ రెండు ముక్కలు మాట్లాడి కూచుంటుంది, వెంటనే ఓటింగు. ఒక్క ఐదు నిమిషాలు ఈ ఊరు నాకు ఇవ్వలేదా? చెయ్యి వెనక్కి తీసుకుని, అక్కర్లేకపోయినా చౌడర్ కలపసాగింది.

కానీ ప్రిసిల్లా రెండు ముక్కలతో కూచోలేదు. ఆ భూమిని మొదట దున్నిన బాజన్ గురించి చెప్పింది. నది పొంగిన ఏడాది గురించి చెప్పింది. అక్కడ తను చూసిన పిట్టలన్నిటి గురించి చెప్పింది. ఎప్పుడూ క్లుప్తంగా మాట్లాడే మనిషి, ఇవాళ ఎందుకిలా సాగదీస్తోందో కొరీన్‌కి అర్థం కాలేదు. పన్నెండుంపావు దాటింది. జనం కుర్చీల్లో కదులుతున్నారు, ఒకరిద్దరు వంటగది వైపు మెడలు సాచి చూస్తున్నారు. హాలిస్ మాత్రం గంట వినపడలేదు కాబట్టి గెడ్డం కింద చెయ్యి పెట్టుకుని వింటున్నాడు.

అప్పుడు ప్రిసిల్లా ఒక పిట్ట పేరు దగ్గర ఆగిపోయింది. ఆ పేరు వెతుక్కుంది. ఇంకో పేరు చెప్పి, కాదంది. కాగితాలు చేతిలో రెపరెపలాడాయి. కొరీన్ వంగి చూసింది. ఆవిడ నుదురంతా చెమట, పెదవుల చుట్టూ పాలిపోయింది. మైకు కాడని పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. హాల్లో వాళ్లు అది భూమి మీద ప్రేమ అనుకున్నట్టున్నారు, ఒకావిడ కళ్లొత్తుకుంటోంది కూడా. అది ప్రేమ కాదనీ, సూది వేసుకున్నాక తిండి పడక ఒంట్లో చక్కెర దిగిపోతోందనీ తెలిసింది ఆ హాలు మొత్తంలో కొరీన్ ఒక్కదానికే. ఆ పొడుగాటి మనిషి లేచి, ఆవిడ తరఫున తను ముగిస్తాననీ వెంటనే ఓటింగు పెట్టమనీ హాలిస్‌ని అడుగుతున్నాడు. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే చాలు. ఇల్లు వచ్చేస్తుంది.

కొరీన్ ఫ్రిజ్ తెరిచింది. నారింజ రసం గ్లాసులోకి వంపింది, సగం బల్ల మీద పడింది. గంట సంగతి గుర్తే రాలేదు. వంటగది తలుపు భుజంతో తోసుకుని, రే కుర్చీ పక్కనుంచి పోయి, ఓ చేత్తో తాడు పైకెత్తి దాని కింద నుంచి దూరి అవతలికి నడిచింది. ఏప్రాన్‌తో, జుట్టు రాలకుండా తలకి కట్టుకున్న వలతో, అన్ని కుర్చీల మధ్యలోంచి.

హాలిస్ సుత్తి ఎత్తాడు. "కొరీన్, ఓటర్లు కానివాళ్లు..."

"భోజనం తయారు" అంది కొరీన్, ఆగకుండానే.

ఎవరో నవ్వారు. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది, ఎందుకంటే అప్పటికి కొరీన్ ప్రిసిల్లా నడుం చుట్టూ చెయ్యేసి, గ్లాసు ఆవిడ పెదవులకి ఆనించింది. తాగండి, మాట్లాడకండి, తాగండి అని చెవిలో చెబుతోంది. సుత్తి దెబ్బ వినపడింది. సభ భోజనానికి లేచింది.

వంటగదిలో స్టూలు మీద కూచోబెట్టి, రొట్టె ముక్క ముక్కగా తుంచి చేతిలో పెట్టింది కొరీన్. మొదటి నాలుగు ముక్కలూ ప్రిసిల్లా మెల్లగా నమిలింది. తర్వాత రంగు తిరిగింది. చౌడర్ గిన్నె తనే ఒళ్లో పెట్టుకుంది. కొరీన్‌కి ఆవిడ ముఖంలోకి చూసే ధైర్యం లేదు. వడ్డించడానికి వెళ్లిపోయింది. బారులో వచ్చిన ప్రతివాళ్లూ ఏదో ఒక మంచిమాట అన్నారు, ఆ మంచిమాటలన్నీ ఆమెకి ముళ్లలాగే తగిలాయి. పిల్లల తల్లులు త్వరత్వరగా తిన్నారు. ఉండలేకపోతున్నామని, ఆట ఒంటిగంటకేనని, ఒకావిడ ఆమె చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది. కొరీన్ పిల్లల కోసం బిస్కెట్లు కాగితం సంచుల్లో వేసిచ్చి పంపించింది. ఆ తలుపులోంచి తన ఇల్లే బయటికి నడిచిపోతున్నట్టు అనిపించినా, సంచుల మూతులు జాగ్రత్తగానే మడిచి ఇచ్చింది. వెనక్కి వచ్చేసరికి స్టూలు ఖాళీగా ఉంది. ప్రిసిల్లా ఈసారి గిన్నె కడగలేదు.

సభ మళ్లీ మొదలైంది. కొరీన్ రేకు తలుపు పూర్తిగా దించేసింది. పెద్ద గిన్నె సింకులో పెట్టి నీళ్లు వదిలి, చేతులు మోచేతులదాకా ముంచింది. ఓడిపోవడం వినాల్సిన అవసరం లేదు. పట్నంలో ఆ వాటా బాగానే ఉంది. రెండేళ్ల క్రితమే గోడలకి కొత్త రంగు కూడా వేశారు.

అయినా చెయ్యి తనంతట తానే వెళ్లి కుళాయి కట్టేసింది.

రేకు అవతల ప్రిసిల్లా గొంతు వినపడింది, నిదానంగా, గట్టిగా. ఈ అంశాన్ని ఓటింగుకి పెట్టకుండా పక్కన పెట్టమని కోరుతున్నానంది. పొడుగాటి మనిషి గొంతు లేచింది, ఇదేమిటి, ఇన్ని నెలలు తిరిగిందంతా ఎందుకు తిరిగినట్టని. కారణం చెప్పమన్నాడు.

"చెప్పాల్సిందంతా భోజనానికి ముందే చెప్పాను. అందులో ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను" అంది ప్రిసిల్లా. "ఇప్పుడు అడిగేది ఇది."

చేతులు లెక్కపెట్టేవాళ్లు వరసల వెంట నడుస్తున్న చప్పుడు. అంకెలు వినపడుతున్నాయి, ఏ అంకె ఎటువైపుదో తెలీడం లేదు. కొరీన్ సబ్బు చేతులు గాలిలో అలాగే పెట్టుకుని నిలబడింది. సుత్తి కొట్టాక కుర్చీలు కిర్రుమన్నాయి. కాసేపటికి వెనక తలుపు తోసుకుని టెడ్డీ కుంటుతూ వచ్చాడు, వెనకే రే.

"పక్కన పెట్టేశారు" అన్నాడు టెడ్డీ. "బొటాబొటీగానే. నెలాఖరుకి గడువు అయిపోతుంది, ఈలోపల ఇంకో సభ లేదు. ఇంక నా దీపం సంగతి చూడు."

రే ఆమె దగ్గరికి వచ్చాడు. తడి చేతులు తడి చేతుల్లాగే పట్టుకుని, తన చొక్కా అంతా సబ్బునురగ చేసుకున్నాడు.

సభ పూర్తయి జనమంతా వెళ్లాక ప్రిసిల్లా వచ్చింది, చేతిలో నారింజ రసం గ్లాసుతో. కొరీన్ మగవాళ్లిద్దరినీ కుర్చీలు మడవడానికి హాల్లోకి పంపేసింది. ఈ మాట దాచుకుని ఆ ఇంట్లో ఒక్కరోజు కూడా అన్నం వండుకోలేనని ఆమెకి తెలుసు.

"నేను కావాలనే గంట కొట్టలేదండి" అంది. "మీరు సూది వేసుకోవడం చూశాను. చూసీ కొట్టలేదు. ఓటింగు అయిపోతే చాలనుకున్నాను."

"గడియారం నాకూ కనిపిస్తుందమ్మాయ్" అంది ప్రిసిల్లా. "పన్నెండు దాటి ఒక్క నిమిషం కాగానే తెలిసింది. పంతొమ్మిదేళ్లలో ఏనాడు ఆలస్యం చేశావు కనక?"

"మరి కూచోకుండా ఎందుకు మాట్లాడుతూనే ఉన్నారు?"

ప్రిసిల్లా గ్లాసుని బల్ల మీద పెట్టి, దాని అంచు వేలితో తుడిచింది. "నువ్వు ఎప్పటికైనా కొట్టకపోవు, అంతదాకా లాగుదామని. భోజనం పడితే నీవాళ్లంతా ఆటకి పోతారుగా. ఆ లెక్క టెడ్డీకొక్కడికే వచ్చనుకున్నావా?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరికి నవ్వొచ్చిందో చెప్పడం కష్టం. నవ్వుతుండగానే కొరీన్ కళ్లలో నీళ్లు తిరిగాయి, ఏప్రాన్ అంచుతో ఒత్తుకుంది.

"రసం తాగించావని చేశాననుకోకు" అంది ప్రిసిల్లా కాసేపటికి. "గ్లాసుడు రసానికి నేను ఊరి భూమి రాసివ్వను. నువ్వు ఆ తాడు దాటితే నేను గెలుస్తానని నీకు తెలుసు. తెలిసీ దాటావు. నీ చోట నేనుంటే దాటేదాన్నా అని, ఈ చౌడర్ తిన్నంతసేపూ ఆలోచించాను."

"ఏం తేలిందండి?"

"తేలలేదు" అంది ప్రిసిల్లా. "గిన్నె ఖాళీ అయింది కానీ అది తేలలేదు."

ఆవిడ గ్లాసు కడిగి బోర్లించింది. అంతకు ముందు కడక్కుండా వదిలేసిన చౌడర్ గిన్నె కోసం వెతికి, అది కొరీన్ ఎప్పుడో కడిగేసిందని చూసి కొంచెం చిన్నబుచ్చుకుంది. కోటు తొడుక్కుని తలుపుదాకా వెళ్లి ఆగింది. ఇన్నాళ్లూ ఎంతో ధీమాగా మాట్లాడిన మనిషి ఇప్పుడు కోటు గుండీ తిప్పుతూ అడిగింది. "పొద్దున్నే అక్కడ నడవడం నాకు అలవాటు. ఇల్లు లేచాక బాగోదేమో."

"రండి" అంది కొరీన్. "కాకపోతే చుట్టూ తిరిగి పోకండి. వాకిట్లోంచి రండి."

"నేను ఎప్పుడు వచ్చినా వాకిట్లోంచే వచ్చాను" అంది ప్రిసిల్లా.